ఎలుక మెదడులో మూర్ఛ నమోదు: స్టాప్‌వాచ్‌కి అందని సగం

శ్రీకాకుళం, విజయనగరం లాంటి జిల్లాల్లోని ఫార్మసీ కళాశాలల్లో మూర్ఛ మందుల మీద ప్రాజెక్టు అనగానే తరచూ కనిపించే మూస ఒకటుంది. ఏదో ఒక మొక్క సారం తీసి చిట్టెలుకలకు వారం పది రోజులు తాగిస్తారు. ఆఖరి రోజున, ఫిట్స్ తెప్పించే పెంటిలీన్‌టెట్రజోల్‌ని కిలో బరువుకు 85 మిల్లీగ్రాముల చొప్పున చర్మం కింద ఎక్కించి, అరగంట స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చుంటారు. తొలి కుదుపు ఎన్నో నిమిషంలో వచ్చింది, ఎన్ని బతికాయి అన్నవి పట్టికలోకి ఎక్కుతాయి. లేదంటే కన్వల్సియోమీటర్ క్లిప్పులు చెవులకు పెట్టి, చిట్టెలుకకైతే 50, ఎలుకకైతే 150 మిల్లీఆంపియర్ల కరెంటు 0.2 సెకన్లు పంపి, వెనక కాళ్లు బిగుసుకుని చాచుకుంటాయా లేదా అని చూస్తారు.

ఈ పరీక్షలు పనికిరానివేం కావు. చవకైనవి, త్వరగా తేలిపోతాయి. 1930ల్లో ఫెనిటాయిన్ అనే మూర్ఛ మందు సత్తా బయటపడింది కూడా పిల్లుల మీద చేసిన ఇలాంటి కరెంటు పరీక్షతోనే. అయితే ఇవి అడిగే ప్రశ్న చిన్నది: ఆరోగ్యంగా ఉన్న మెదడుకు బలవంతంగా ఫిట్స్ తెప్పిస్తే మందు ఆపుతుందా? మూర్ఛ జబ్బు వేరు. ఎవరూ ఏ మందూ ఎక్కించకుండా, తనంతట తాను, మళ్లీ మళ్లీ ఫిట్స్ తెచ్చుకునే మెదడు అది. ఈ తేడా ఎంత ఖరీదైనదో లెవెటిరాసెటమ్ కథ చెబుతుంది. ఇవాళ ప్రపంచమంతటా వాడుతున్న ఈ మందు కరెంటు పరీక్షలోనూ, పెంటిలీన్‌టెట్రజోల్ పరీక్షలోనూ ఫెయిలైంది. శబ్దానికి ఫిట్స్ వచ్చే జాతి ఎలుకల్లో, కిండ్లింగ్ చేసిన (మెదడులో ఒక చోట మళ్లీ మళ్లీ చిన్న కరెంటు ఇచ్చి క్రమంగా ఫిట్స్ వచ్చేలా చేసిన) ఎలుకల్లో మాత్రం పనిచేసింది. స్టాప్‌వాచ్ ఒక్కటే కొలబద్ద అయి ఉంటే ఆ మందు చెత్తబుట్టలోకి పోయేదే.

రెండో లోటు ఇంకా సూటిది. చాలా ఫిట్స్ ఒంటి మీద కనబడవు. మెదడు లోతులో ఉండే హిప్పోక్యాంపస్ అనే భాగంలో పుట్టి అక్కడే ఆగిపోయే ఫిట్‌లో ఎలుక అర నిమిషం కదలకుండా నిలబడి చూస్తుంటుంది, అంతే. చూసేవారికి అది ఊరకే ఉన్న ఎలుక. కాసేపు స్పృహ లేనట్టు ఉండిపోయే యాబ్సెన్స్ రకంలో మీసాలు కాస్త అదురుతాయి, అదీ గమనిస్తేనే. రేసిన్ 1972లో ఇచ్చిన ఐదు దశల కొలమానం (మూతి కదలిక, తల ఊపడం, ముందు కాళ్ల కుదుపు, లేచి నిలబడడం, పడిపోవడం) అమిగ్డాలా అనే మెదడు భాగంలో చేసే కిండ్లింగ్ కోసం తయారైనది. పెంటిలీన్‌టెట్రజోల్‌కి ఆ వరుస సరిగ్గా కుదరదు. అయినా దాన్నే యథాతథంగా అంటిస్తున్నారు. మెదడు నుంచి నేరుగా విద్యుత్తును నమోదు చేయడం తప్ప ఈ రెండు చిక్కులకూ వేరే దారి లేదు.

జంతువుల మెదడులో విద్యుత్తును పట్టుకోవడం మనిషి ఈఈజీ (మెదడు విద్యుత్తును గీతగా నమోదు చేయడం) కన్నా పాతది. లివర్‌పూల్‌లో రిచర్డ్ కేటన్ కుందేళ్లు, కోతుల మెదళ్ల మీద దాన్ని చూసి ప్రకటించింది 1875లో. హాన్స్ బెర్గర్ మనిషి ఈఈజీని ప్రచురించింది 1929లో. పరికరాలు మారాయి గానీ అసలు కష్టం అప్పటిదే. పట్టుకోవాల్సిన సంకేతం మైక్రోవోల్టుల్లో ఉంటుంది, చుట్టూ ఉన్న గోల వోల్టుల్లో ఉంటుంది.

ఏ ఎలుక, ఏ మూర్ఛ

తీగ పెట్టడానికి ముందు తేల్చుకోవాల్సింది నమూనా. ఇక్కడి ఆసుపత్రులకు ఫిట్స్‌తో వచ్చేవారి స్కాన్లలో చిన్న గుండ్రటి మచ్చ కనబడడం డాక్టర్లకు పరిచయమైన సంగతి. పంది బద్దెపురుగు గుడ్లు నీళ్ల ద్వారానో, సరిగా కడగని కూరల ద్వారానో కడుపులోకి చేరి, పిల్ల పురుగు మెదడులో తిత్తి కట్టడం దానికి ఒక ముఖ్య కారణం. పంది మాంసం ముట్టనివారికీ ఇది వస్తుంది. అలాంటి స్థానిక గాయం నుంచి పుట్టే మూర్ఛ గురించి ఒక్క డోసు పెంటిలీన్‌టెట్రజోల్ ఏమీ చెప్పదు. మెదడంతటా గాబా (కణాల ఉద్రేకాన్ని అణిచే రసాయనం) నిరోధాన్ని ఒక్కసారిగా తగ్గించే మందు అది. గాయం, ఆ తర్వాత కొన్ని వారాల మౌనం, ఆ పైన తనంతట తాను వచ్చే ఫిట్స్ అనే క్రమం కావాలంటే స్టేటస్ ఎపిలెప్టికస్ (ఆగకుండా సాగే ఫిట్స్) నమూనాలు దగ్గరగా ఉంటాయి. తలస్నానం వేడినీళ్లతో ఫిట్స్ వచ్చే రకం దక్షిణాదిలో ప్రత్యేకంగా కనబడుతుంది. దానికి ఎలుక నమూనాను తయారుచేసింది బెంగళూరు నిమ్హాన్స్ పరిశోధకులే.

లిథియం–పైలోకార్పిన్ పద్ధతి చిన్న ప్రయోగశాలకు అందుబాటులో ఉండేది. ముందు రోజు లిథియం క్లోరైడ్ కిలోకు 127 మిల్లీగ్రాములు. మర్నాడు, అంటే 18 నుంచి 24 గంటల తర్వాత, మిథైల్ స్కోపొలమిన్ కిలోకు 1 మిల్లీగ్రాము. ఇది మెదడులోకి పోదు, ఒంట్లో చొల్లు కారడం, విరేచనాలు వంటివాటిని మాత్రం అడ్డుకుంటుంది. అరగంట ఆగి పైలోకార్పిన్ కిలోకు 30 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఇస్తారు. ఆగకుండా సాగే ఫిట్స్ మొదలయ్యాక 60 నుంచి 90 నిమిషాలకు డయాజెపామ్ కిలోకు 10 మిల్లీగ్రాములిచ్చి ఆపుతారు. ఇక్కడే ఎక్కువ ఎలుకలు చచ్చిపోతాయి, కారణం తరచూ మందు కాదు, తర్వాతి సేవ లేకపోవడం. ఆ రాత్రి ఎలుక నీళ్లు తాగలేదు, గట్టి మేత కొరకలేదు. చర్మం కింద గోరువెచ్చని సెలైన్ 5 నుంచి 10 మిల్లీలీటర్లు, నానబెట్టిన మెత్తటి మేత, రోజూ తూకం: మూడు నాలుగు రోజులు ఇవి తప్పవు. బరువు 20 శాతం పడిపోతే ప్రయోగం నుంచి తప్పించి బాధ లేకుండా ముగించాలన్న నియమం ముందే రాసుకోవాలి.

గది వేడి కూడా లెక్కలోకి వస్తుంది. ఫిట్స్ సాగుతున్నప్పుడు ఒంటి వేడి పెరిగితే మెదడు కణాల నష్టం పెరుగుతుంది. మే నెలలో విజయనగరంలో కరెంటు పోయి ఏసీ ఆగిన గదిలో చేసిన బ్యాచ్‌కీ, డిసెంబరులో చేసిన బ్యాచ్‌కీ మరణాలు, గాయాలు ఒకేలా ఉండవు. అవి రెండూ కలిపి సగటు తీస్తే ఆ అంకెకు అర్థం ఉండదు. ఎలుకల జాతి, వాటిని అమ్మిన చోటు మారినా ఇదే చిక్కు. సీ57 నల్ల చిట్టెలుకలు ఫిట్స్ తెప్పించే కైనిక్ ఆమ్లానికి అంత తేలిగ్గా లొంగవు, ఆ డోసును ఇంకో జాతి మీద వేస్తే సగం పోతాయి. హైదరాబాద్ నుంచి తెచ్చిన జంతువులు రాత్రంతా ప్రయాణం చేసి వస్తాయి. వారం రోజులు అలవాటు పడనివ్వకుండా ఆపరేషన్ బల్ల ఎక్కించకూడదు.

అనుమతి సంగతి. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద ఏర్పడిన కేంద్ర కమిటీ వద్ద (ఇదివరకు సీపీసీఎస్‌ఈఏ, ఇప్పుడు సీసీఎస్‌ఈఏ) సంస్థ నమోదై ఉండాలి. ఎనిమిది మంది ఉండే సంస్థాగత నైతిక కమిటీ ఒప్పుకోవాలి. ఆ తర్వాతే మొదటి ఎలుక. దరఖాస్తులో జంతువుల సంఖ్యకు లెక్క చూపాలి, చనిపోయేవాటికీ, తలకట్టు ఊడిపోయేవాటికీ కలిపి. ఆరేసి చొప్పున నాలుగు గుంపులని రాసి, మధ్యలో సగం పోయాయని మళ్లీ అడగడం కమిటీకీ చిరాకే, ప్రయోగానికీ చేటే.

పుర్రె మీద పని

250 నుంచి 300 గ్రాముల ఎలుక అనువైనది. మత్తుకు ఐసోఫ్లురేన్ మేలు: నిద్రపుచ్చడానికి 4 శాతం, నిలపడానికి 1.5 నుంచి 2 శాతం. వేపరైజర్ లేనిచోట కెటమిన్ 80, జైలజిన్ 10 మిల్లీగ్రాములు కిలోకు కలిపి పొట్టలోకి ఇస్తారు, ముప్పావు గంట నుంచి గంట దాకా పని జరుగుతుంది. కెటమిన్ షెడ్యూల్ ఎక్స్ మందు కాబట్టి తాళం వేసిన బీరువా, రిజిస్టరు తప్పనిసరి. అది మెదడు కణాలను ఉద్రేకపరిచే ఎన్‌ఎండీఏ గ్రాహకాన్ని అడ్డుకుని ఫిట్స్‌నీ, కణ నష్టాన్నీ తగ్గిస్తుంది. కాబట్టి ఆపరేషన్ జరిగిన రోజునో మర్నాడో పైలోకార్పిన్ ఇవ్వడం, మత్తులో ఉండగా తీసిన ఈఈజీని బేస్‌లైన్ (పోల్చడానికి వాడే మామూలు గీత) అనడం, రెండూ తప్పే.

మూర్ఛ ప్రయోగంలో మామూలు ఆపరేషన్ మందులు కూడా ఉచ్చులే. నొప్పికి ట్రమడాల్ ఇస్తే ఫిట్స్ త్వరగా వస్తాయి, మెలాక్సికామ్ కిలోకు 1 నుంచి 2 మిల్లీగ్రాములు రెండు మూడు రోజులిస్తే ఆ బెడద లేదు. ఎన్రోఫ్లోక్సాసిన్ జాతి యాంటీబయాటిక్‌లు గాబాకు అడ్డొస్తాయి. కుట్టు మానుతుందని తెరిచిన పుర్రె మీద పెన్సిలిన్ పొడి చల్లితే అంతే సంగతులు. మెదడు పైపొర మీద పెన్సిలిన్ వేయడం స్వయంగా ఒక పాత మూర్ఛ నమూనా! కోసే చోట తిమ్మిరికిచ్చే లిగ్నొకెయిన్ ఎక్కువైతే అదీ ఫిట్స్ తెస్తుంది. 0.5 శాతానికి పలుచన చేసి, 250 గ్రాముల ఎలుకకు పావు మిల్లీలీటరు ఇస్తే కిలోకు 5 మిల్లీగ్రాములవుతుంది, సరిపోతుంది.

తల కదలకుండా పట్టి ఉంచే స్టీరియోటాక్సిక్ చట్రంలో బిగించాక తోలు మధ్యగీత వెంట కోసి, ఎముక మీది పొర పూర్తిగా గీకి, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ అద్దిన దూదితో తుడిచి ఆరబెట్టాలి. పుర్రె అతుకులు రెండు కలిసే బ్రెగ్మా, లాంబ్డా బిందువులు అప్పుడు స్పష్టంగా కనబడతాయి. ఆ రెంటి ఎత్తులో తేడా 0.1 మిల్లీమీటరు దాటకూడదు. దాటితే లోతుకు దించే తీగ ఏటవాలుగా పోతుంది. హిప్పోక్యాంపస్ పైభాగానికి పెద్ద ఎలుకలో బ్రెగ్మా నుంచి వెనక్కి 3.8, పక్కకు 2.5, డ్యూరా (మెదడు మీది గట్టి పొర) నుంచి లోతుకు 2.6 నుంచి 3 మిల్లీమీటర్ల దగ్గర మొదలుపెట్టవచ్చు. ఇవి అట్లాస్ అంకెలు. మన ఎలుక జాతి, వయసు వేరైతే రెండు మూడు ఎలుకల్లో రంగు ఎక్కించి, కోసి చూసి సవరించుకోవాలి.

పైపొర సంకేతానికి స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు చాలు. 1.2 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న మెట్రిక్ స్క్రూకి మర దూరం 0.25 మిల్లీమీటరు, అంటే ఒక పూర్తి చుట్టుకు పావు మిల్లీమీటరు దిగుతుంది. పెద్ద ఎలుక పుర్రె మందం మిల్లీమీటరు లోపే. మూడు నాలుగు చుట్లలో కొస డ్యూరాను తాకుతుంది, ఆ పైన తిప్పితే మెదడును నొక్కుతుంది. నొక్కిన చోట పుట్టే గాయం నుంచి కూడా స్పైక్‌లు (గీతలో పదునైన ముళ్లు) వస్తాయి. వాటిని చూసి మందు పనిచేయలేదని రాసేస్తే తప్పు స్క్రూడ్రైవర్‌ది. డ్రిల్లు ఆపి ఆపి వాడాలి, చల్లని సెలైన్ చుక్కలు పడుతూ ఉండాలి. ఆపకుండా తిప్పిన బిట్ వేడికి కింది మెదడు మాడుతుంది.

లోతుకు టెఫ్లాన్ పూత ఉన్న 125 మైక్రాన్ల స్టీలు లేదా టంగ్‌స్టన్ తీగలు రెండు మెలిపెట్టి, కొసలు అర మిల్లీమీటరు తేడాతో కత్తిరించి దించుతారు. వెండి తీగ మెదడు లోపలికి పెట్టకూడదు, అది కణాలకు విషం. మిగతా చానెళ్లను పోల్చి చూసే రిఫరెన్స్ స్క్రూను మెదడు వెనక భాగమైన సెరిబెల్లం మీద పెడతారు. అయితే మరీ వెనక్కి జరిగితే మెడ కండరాల కదలికంతా ప్రతి చానెల్‌లోకీ వచ్చేస్తుంది. రిఫరెన్స్, ఎలక్ట్రోడ్ రెండూ ఒకే లోహమై ఉండాలి, లేకుంటే వాటి మధ్య పుట్టే నిలకడ లేని వోల్టేజీతో బేస్‌లైన్ జారుతూ ఉంటుంది. స్టీలుకు టంకం అంటాలంటే యాసిడ్ ఫ్లక్స్ కావాలి. దాన్ని నీళ్లతో, స్పిరిట్‌తో పూర్తిగా కడగకపోతే మూడో వారానికి అతుకు తుప్పు పట్టి చానెల్ చచ్చిపోతుంది. సముద్రపు గాలి తగిలే శ్రీకాకుళం, పూసపాటిరేగ, భోగాపురం వైపు ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. కనెక్టర్ మూతలు, బీరువాలో సిలికా జెల్ చిన్న ఖర్చులే.

తలకట్టుకు డెంటల్ అక్రిలిక్ వాడతారు. గట్టిపడేటప్పుడు అది వేడెక్కుతుంది కాబట్టి పలుచని పొరలుగా వేయాలి, ఒక పొర చల్లారాకే ఇంకొకటి. సంకేతంతో పనిలేని రెండు స్క్రూలు అదనంగా పట్టు కోసం దించాలి. రెండో వారంలో తలకట్టు ఊడిందంటే ఈ మూడు కారణాల్లో ఒకటి ఉంటుంది: ఎముక తడిగా ఉండగా సిమెంట్ వేశారు, పొర గీకలేదు, లేదా అంచు కింద చీము పట్టింది. తోటి ఎలుకలు కొరికేస్తాయి కాబట్టి ఒక్కోదాన్ని వేరు పంజరంలో ఉంచాలి, కనబడేంత దూరంలో ఇంకో ఎలుక ఉంటే మంచిది. వారం రోజులు కోలుకోనిచ్చి, బరువు తిరిగి ఎక్కాకే నమోదు.

ఎర్తింగ్, ఉక్క, తుపాను

గాలిలో నుంచి, గోడల్లో నుంచి వచ్చే 50 హెర్ట్జ్ గోల మీదే సగం కాలం పోతుంది. దానికి క్రమం ఉంది. ఎలుక స్థానంలో 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ కలిపి పది నిమిషాలు నమోదు చేయాలి. గీత ఎగుడుదిగుడు 20 మైక్రోవోల్టులు దాటితే ఎలుకను తగిలించి లాభం లేదు. ట్యూబ్‌లైటు, ఎల్‌ఈడీ డ్రైవరు, ఫ్యాను రెగ్యులేటరు, మొబైల్ చార్జరు ఒక్కొక్కటే తీసేస్తూ గీతను చూడాలి. చాలా గదుల్లో దొంగ ఫ్యాను రెగ్యులేటరే. ఆ తర్వాత మల్టీమీటరుతో ప్లగ్గులో ఎర్త్‌కీ న్యూట్రల్‌కీ మధ్య చూడాలి. 2 వోల్టులు దాటితే భవనం ఎర్తింగ్ సరిచేయించాలి. ఈ జిల్లాల మెరక ఎర్రనేలలు వేసవిలో రాయిలా ఎండిపోతాయి. వానాకాలంలో బాగా పనిచేసిన ఎర్త్ గొయ్యి ఏప్రిల్‌కి పనికిరాకుండా పోతుంది. బొగ్గు, ఉప్పు వేసిన గొయ్యిలో వారానికోసారి నీళ్లు పోయించడం ఏ సాఫ్ట్‌వేర్ ఫిల్టరు కన్నా మేలు.

పరికరాలన్నీ ఒకే బిందువు దగ్గర ఎర్త్ అవ్వాలి. కంప్యూటరు ఒక ప్లగ్గులో, యాంప్లిఫయరు ఇంకో గోడ ప్లగ్గులో పెడితే రెండు ఎర్త్‌ల మధ్య లూపు తయారై కొత్త గోల వస్తుంది. పంజరం చుట్టూ సన్న ఇనుప వలతో చట్రం కట్టి దాన్నీ అదే బిందువుకు కలపాలి. 50 హెర్ట్జ్‌ని కోసేసే నాచ్ ఫిల్టరు ఆఖరి ఉపాయం మాత్రమే. 50 హెర్ట్జ్‌తో పాటు దాని చుట్టుపక్కల ఉన్న అసలు గామా తరంగాన్ని కూడా అది తినేస్తుంది, పదునైన స్పైక్‌లకు తోకలు పుట్టిస్తుంది.

ఇళ్లలో వాడే చదరపు తరంగం ఇన్వర్టర్లు ఈ పనికి వద్దు. కరెంటు పోగానే గీత నిండా హార్మోనిక్‌లు నిండిపోతాయి. స్వచ్ఛమైన సైన్ తరంగం ఇచ్చే ఆన్‌లైన్ యూపీఎస్ కావాలి. దాని మీద యాంప్లిఫయరు, కంప్యూటరే కాదు, గది దీపాల టైమరు కూడా ఉండాలి. 12 గంటల వెలుగు, 12 గంటల చీకటి క్రమం తప్పితే ఎలుక నిద్ర మారుతుంది, నిద్ర మారితే ఫిట్స్ వేళలూ మారతాయి.

తుపాను ఇక్కడ పథకంలో భాగం కావాలి. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తాకాయి. తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ నేలకొరిగి, ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. వారాల తరబడి ఆగకుండా సాగాల్సిన నమోదును అక్టోబరు, నవంబరుల్లో పెట్టుకోకపోవడం తెలివి. డిసెంబరు మధ్య నుంచి మార్చి దాకా ఉక్క తక్కువ, ఏసీ మీద భారం తక్కువ, కరెంటు కోతలూ తక్కువ.

సంకేతం దారి ఇలా ఉండాలి: తల మీదే చిన్న హెడ్‌స్టేజ్ (సంకేతాన్ని అక్కడికక్కడే బలపరిచే ముక్క), అక్కడి నుంచి మెత్తటి కేబులు, అది మెలి పడకుండా పైన తిరిగే కమ్యుటేటరు, ఆ తర్వాత యాంప్లిఫయరు. హెడ్‌స్టేజ్ లేకపోతే కేబులు ఊగినప్పుడల్లా పుట్టే విద్యుత్తే గీతగా వస్తుంది. చర్మం కింద అమర్చి తీగ లేకుండా సంకేతం పంపే టెలిమెట్రీ వీటన్నిటినీ తప్పిస్తుంది గానీ ఖరీదు, చానెళ్లు తక్కువ, బ్యాటరీకి ఆయుష్షు ఉంది. తక్కువ డబ్బులో ఎక్కువ ఎలుకలు కావాలనుకునే చోట తీగ పద్ధతే సరి.

మామూలు ఫిట్స్ గుర్తించడానికి 0.5 నుంచి 100 హెర్ట్జ్ వరకు, సెకనుకు 500 నమూనాలు చాలు. 250 నుంచి 500 హెర్ట్జ్ మధ్య ఉండే ఫాస్ట్ రిపుల్స్ (అతి వేగపు చిన్న అలలు) చూడాలంటే కనీసం 2000 కావాలి. ఊరికే అన్నీ 2000 దగ్గర పెట్టేస్తే ఏమవుతుందో లెక్క చూడండి. నమూనాకు 2 బైట్లు, చానెల్‌కు రోజుకు దాదాపు 346 మెగాబైట్లు. ఎనిమిది ఎలుకలు, తలా నాలుగు చానెళ్లు అంటే రోజుకు 11 గిగాబైట్లు, నాలుగు వారాలకు 310 దాకా. వీడియో దీనికి అదనం. 500 దగ్గరైతే ఇందులో నాలుగో వంతు.

గీతలో ఏది మూర్ఛ, ఏది గోకుడు

వీడియో లేని ఈఈజీ మీద నమ్మకం పెట్టుకోలేం. ఎలుక వెనక కాలితో చెవి గోక్కుంటే సెకనుకు ఐదు నుంచి పది సార్లు లయగా పెద్ద అలలు వస్తాయి, అచ్చం ఫిట్‌లానే. గింజ నమిలినా, నీళ్ల సీసా గొట్టాన్ని నాకినా అంతే. నాకేటప్పుడు లోహపు గొట్టం ఎర్త్‌కి తగిలితే ఇంకా పెద్ద గీతలు. తేడా పరిణామంలో ఉంది. నిజమైన ఫిట్ బేస్‌లైన్ కన్నా కనీసం రెండింతల ఎత్తుతో మొదలై, సాగే కొద్దీ వేగం, ఆకారం మార్చుకుంటుంది, కనీసం పది సెకన్లు ఉంటుంది, ముగిశాక గీత కాసేపు చదునుగా పడిపోతుంది. గోకుడు ఒకే వేగంతో మొదలై ఒకే వేగంతో టక్కున ఆగుతుంది. వీడియో గడియారం, ఈఈజీ గడియారం ఒకటే అయి ఉండాలి. వేర్వేరు కంప్యూటర్ల గడియారాలు వారానికి సెకన్ల తేడా తెచ్చుకుంటాయి. రోజుకోసారి కెమెరాకు కనబడే చిన్న ఎల్‌ఈడీని వెలిగించి, అదే పల్స్‌ని ఒక చానెల్‌లోకి పంపితే ఆ గొడవ తీరుతుంది.

ఇంకో ఉచ్చు మామూలు ఎలుకలోనే ఉంది. ఏ మందూ ఇవ్వని ఎలుకలు కూడా ఊరికే కూర్చున్నప్పుడు సెకనుకు 7 నుంచి 9 అలల స్పైక్–వేవ్ గుచ్ఛాలు చూపిస్తాయి, మీసాలు అదురుతూ. యాబ్సెన్స్ మూర్ఛ కోసం పెంచిన గేర్స్, వాగ్–రిజ్ జాతి ఎలుకల్లో కనబడేదీ ఇదే తీరు. మనిషిలో ఆ రకం మూర్ఛ అలలు సెకనుకు 3. తలకు దెబ్బ తగిలిన ఎలుకలో ఈ గుచ్ఛాలు చూసి మూర్ఛ పుట్టిందని ప్రకటించే ముందు, దెబ్బ తగలని అదే వయసు ఎలుకల్ని అన్ని గంటలూ నమోదు చేయకపోతే ఆ మాటకు విలువ లేదు. కంట్రోలు గుంపుకి ఆపరేషన్ చేయకుండా ఆదా చేసుకునే అలవాటు ఇక్కడే దెబ్బకొడుతుంది.

రిపుల్స్ వెతికేవారికి ఇంకో హెచ్చరిక. పదునైన ఏ స్పైక్‌నైనా, ఏ విద్యుత్ చిటపటనైనా 250–500 హెర్ట్జ్ ఫిల్టరులో పంపితే చక్కని రిపుల్ లాంటిది పుడుతుంది. ఫిల్టరు చేయని అసలు గీత మీద కూడా ఆ చిన్న అలలు కంటికి కనబడాలి. కనబడకపోతే అది ఫిల్టరు సృష్టి.

వారానికి 168 గంటలు

పైలోకార్పిన్ ఎలుకల్లో ఫిట్స్ గుంపులుగా వస్తాయి. నాలుగైదు రోజులు ఒక్కటీ లేకుండా గడిచి, ఒకే రోజు పలుమార్లు రావచ్చు. పగలు, అంటే ఎలుకలు నిద్రపోయే వెలుగు వేళల్లో, ఎక్కువ. వారానికి ఐదు రోజులు, రోజుకు నాలుగు గంటలు కంటితో చూస్తే అది 168 గంటల్లో 20, అంటే 12 శాతం. ఆ కిటికీలోంచి చూసి మందు ఫిట్స్‌ని తగ్గించిందనడం, గుంపు విరామంలో మందు మొదలుపెట్టామేమో అన్న అనుమానానికి జవాబివ్వదు. రెండు వారాలు మందు లేకుండా, రెండు వారాలు మందుతో, ఆ తర్వాత ఒక వారం మందు ఆపేసి, మధ్యలో ఎక్కడా తెగకుండా నమోదు చేస్తే ప్రతి ఎలుక తనకు తానే పోలిక అవుతుంది. గీతలు చదివేవారికి ఏ ఎలుకకు ఏమిచ్చారో తెలియకూడదు. కంప్యూటరు అల్గారిదమ్ అనుమానం ఉన్న ముక్కల్ని ఏరి పెట్టవచ్చు గానీ ఫిట్ అని సంతకం చేయాల్సింది మనిషే. అది ఏరకుండా వదిలేసిన గంటల్లోంచి కొన్నిటిని యాదృచ్ఛికంగా తీసి చూడకపోతే, ఎన్ని జారిపోయాయో ఎప్పటికీ తేలదు.

డోసు వేళలు మనుషుల చీటీ చూసి పెట్టకూడదు. లెవెటిరాసెటమ్ మనిషి రక్తంలో సగానికి తగ్గడానికి 6 నుంచి 8 గంటలు పడితే ఎలుకలో 2 నుంచి 3 గంటలే. వాల్‌ప్రోయేట్, ఫెనిటాయిన్‌లదీ అదే దారి. ఉదయం, సాయంత్రం చొప్పున ఎలుకకు ఇస్తే రోజులో ఎక్కువ భాగం దాని మెదడులో మందే ఉండదు. ఫిట్స్ ఆగలేదని మందును తప్పుపట్టడం అన్యాయం. చర్మం కింద మందును నెమ్మదిగా వదిలే ఆస్మోటిక్ పంపు అమర్చడమో, మేతలో కలిపి రక్తంలో మోతాదు కొలవడమో చేయాలి. శ్రీకాకుళం జిల్లాకు సంబంధించిన ఒక పక్క మాట: లెవెటిరాసెటమ్‌లో దాదాపు మూడింట రెండు వంతులు మార్పు లేకుండా మూత్రంలోకే పోతుంది. కిడ్నీ జబ్బు ఊళ్లకు ఊళ్లను పట్టిన ఉద్దానంలో ఫిట్స్ రోగికి ఆ మందు మోతాదు తగ్గించాల్సి వస్తుంది. కిడ్నీలు దెబ్బతిన్న ఎలుకల్లో మందు నిలిచే కాలాన్నీ, ఫిట్స్‌నీ కలిపి కొలిచే ప్రయోగం ఇక్కడి కళాశాలలు ఎత్తుకోదగ్గది. ఇంకో మొక్క సారం కన్నా ఉపయోగం ఎక్కువ.

నమోదు ముగిశాక పని మిగిలే ఉంటుంది. లోతు తీగ ద్వారా పది ఇరవై మైక్రోఆంపియర్ల నేరు కరెంటు కొన్ని సెకన్లు పంపి చిన్న గుర్తు కాల్చి, ఫార్మాలిన్‌తో మెదడును స్థిరపరచి, 40 మైక్రాన్ల ముక్కలు కోసి క్రెసిల్ వయొలెట్ రంగు వేస్తే తీగ కొస ఎక్కడుందో కనబడుతుంది. కొన్నిటిలో అది హిప్పోక్యాంపస్ పైనున్న తెల్ల పదార్థంలోనే ఆగి ఉంటుంది. ఆ ఎలుకల ఫిట్స్ లెక్క ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టాలి. ఎన్ని పెట్టారో, ఏ కారణానికి పెట్టారో వ్యాసంలో రాయాలి. తలకట్టు ఊడినవీ, స్టేటస్‌లో చచ్చినవీ, ఫిట్స్ అసలు పుట్టనివీ కూడా అదే పట్టికలో వేర్వేరు వరుసల్లో ఉండాలి.